నాణెంతో తెరుచుకునే తలుపు

పాలు తీసే పంపులో కడగాల్సిన ముక్కలు ఏడు. గరాటు, రబ్బరు పొర, గొట్టం, దాని కొసన ఉండే చిన్న బిళ్ళ, సీసా, మూత, పీక. వేడినీళ్ళలో వేసి, తీసి, గుడ్డమీద ఆరబెట్టి, మళ్ళీ బిగించడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది. ఆ రోజు పొద్దున్న ఐదింటికి వంటింటి సింకు దగ్గర నాలుగో ముక్క కడుగుతుండగా అత్తగారు లేచి వచ్చింది. మంచినీళ్ళు తాగి, ఎంగిలి గ్లాసు నా వేడినీళ్ళలోనే వదిలి, “ఇంట్లో పాలకేంద్రం పెట్టావుగా, బోర్డు కూడా కట్టించు” అంది. నవ్వాను. ఆ ఇంట్లో నవ్వడం కూడా ఇంటిపనే. రోజూ చేయాలి, చేసినట్టు ఎవరికీ కనిపించదు. నీళ్ళు పారబోసి మళ్ళీ కాచాను. తొమ్మిది నిమిషాల పని రెండింతలైంది.

కుడి రొమ్ము చీలి ఉంది. ఐదో నెలకే చంటిదానికి కింది పన్ను వచ్చింది. రెండు రోజులుగా కొరుకుతోంది. కొరికినప్పుడు అరవకూడదు, అరిస్తే పక్క గదిలోంచి మా ఆయన వస్తాడు. మొదటి రోజు నాకది తోచలేదు, అరిచాను. వచ్చి, “పాలివ్వడానిక్కూడా నాటకాలేనా” అంటూ పిల్ల నోట్లో రొమ్ము ఉండగానే దాన్ని నా ఒళ్ళోంచి లాగేశాడు. పన్ను పట్టు వదల్లేదు. చీలిక అలా పడింది. అప్పటినుంచి సీసాలో పాలమీద ఎర్రగా ఒక తీగ తేలుతోంది. పిల్లకి పట్టొచ్చా అని ఆస్పత్రికి ఫోన్ చేసి నర్సును అడిగాను. పట్టొచ్చంది. నీకేమైందని అడగలేదు.

నెల కిందటి వరకు మా బాత్రూమ్‌కి తలుపుండేది. ఇల్లు మొత్తంలో లోపల గడియ ఉన్న తలుపు అదొక్కటే. ప్రసవమయ్యాక మూడో నెలలో ఉద్యోగానికి వెళ్ళడం మొదలుపెట్టినప్పటి నుంచి, పొద్దున్నే అందులో గడియ పెట్టుకుని, మూత వేసిన కమోడ్ మీద కూర్చుని పాలు తీసుకునేదాన్ని. ఒకరోజు ఇరవై నిమిషాలు పట్టింది. మా ఆయన గడ్డం గీసుకోవాలి. ఒకసారి పిలిచాడు, రెండోసారి పిలవలేదు. మొదటి తన్నుకి పై బందు ఊడింది. రెండో తన్నుకి తలుపు నా మీద పడింది. అంచు తగిలి ఎడమ భుజం వారం రోజులు పైకి లేవలేదు. తలుపు పడుతున్నప్పుడు నేను తల కాపాడుకోలేదు, సీసా కాపాడుకున్నాను. అందులో మూడు ఔన్సులున్నాయి. డాక్టరుతో బాత్రూమ్‌లో జారిపడ్డానని చెప్పాను. బాత్రూమ్ అన్న మాటైనా నిజమే కదా అని దారి పొడుగునా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆ తలుపు మళ్ళీ పెట్టించలేదు. “నా ఇంట్లో నాకు మూసిన తలుపేంటే” అన్నాడు మా ఆయన. అత్తగారు పాత దుప్పటి కత్తిరించి తెర కట్టింది. ఎంత వెడల్పు కత్తిరించాలని నన్నే అడిగింది. చెప్పాను. తలుపుల కొలతలు చెప్పడం నా ఉద్యోగం.

మా కంపెనీ గదులు తయారుచేస్తుంది. ఇటుక, సిమెంటు ఉండవు. గోడల్ని పలకలుగా షెడ్డులో చేసి, లారీలో వేసుకెళ్ళి, చెప్పిన చోట బిగించి వస్తాం. కాపలావాళ్ళ గదులు, టికెట్ గదులు, ఫ్యాక్టరీల్లో మరుగుదొడ్లు ఎక్కువగా చేస్తాం. డ్రాయింగు గీసేది నేనే, బిగించే చోట దగ్గరుండి చూసేదీ నేనే. మొన్నామధ్య మా ఓనరుకి ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. బట్టలూ గృహోపకరణాలూ అమ్మే ఒక సంస్థకి నలభై దుకాణాలున్నాయి. ప్రతి దుకాణంలో బిడ్డకి పాలిచ్చే గది ఒకటి పెట్టాలి. దుకాణం మూయకూడదు, గోడ పగలగొట్టకూడదు, దుమ్ము లేవకూడదు. పొద్దున్న ఆరుకి మొదలుపెట్టి దుకాణం తెరిచేలోగా లేచి నిలబడాలి. ఓనరు ఆ కాగితాలు నా టేబుల్ మీద పెట్టి, “నువ్వే గీయమ్మాయ్. నీకు ప్రాక్టికల్స్ ఇంట్లోనే జరుగుతున్నాయిగా” అన్నాడు. షెడ్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆరడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవు. నేల పలక ఒకటి, గోడ పలకలు ఏడు, కప్పు పలకలు రెండు, చట్రంతో సహా తలుపు. నలుగురు మనుషులు, మూడున్నర గంటలు. కుర్చీకి చేతులుండాలని రాశాను, బిడ్డ తల ఆనడానికి. పంపుకి ప్లగ్గు, కూర్చున్న మనిషి మోచేతికి అందే ఎత్తులో పెట్టాను. ఆ ఎత్తు ఏ పుస్తకంలోనూ లేదు, నా మోచేతిని కొలిచి వేశాను. కొలతల కోసం దుకాణాలకి తిరుగుతున్నప్పుడు, మూడో దుకాణంలో ఒకామె ట్రయల్ రూమ్‌లో కూర్చుని బిడ్డకి పాలిస్తోంది. బయట బట్టలు పట్టుకుని ఐదుగురు నిలబడి ఉన్నారు. సెక్యూరిటీ గార్డు రెండుసార్లు తలుపు కొట్టి, మూడోసారి తలుపు కింద సందులోంచి కర్ర దూర్చి ఆమె పాదం మీద పొడిచాడు. ఆమె బయటికి వచ్చింది. బిడ్డకి పొలమారింది. పాదం మీద చర్మం లేచిపోయింది. “ఇది బట్టలు తొడుక్కుని చూసుకునే చోటమ్మా, విప్పుకుని కూర్చునే చోటు కాదు” అన్నాడు గార్డు. వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. నేను టేపు పట్టుకుని నాలుగడుగుల దూరంలో ఉన్నాను. నోట్‌బుక్‌లో, తలుపు కింద సందు ఉండరాదు, అని రాసుకున్నాను. అంతకుమించి ఏమీ చేయలేదు.

తలుపు కింద సందు తీసేశాక గడియ సంగతి వచ్చింది. లోపల గడియ పెట్టుకున్న మనిషి కళ్ళు తిరిగి పడిపోతే బయటినుంచి తెరిచే వీలుండాలని నిబంధన. అలాంటి గడియలు రెండు రకాలు. ఒకదానికి బయటవైపు మూడు మూలల చిల్లు ఉంటుంది, దాని తాళంచెవి ఒక్కటే, అది ఎవరి దగ్గర ఉండాలో మనం రాసివ్వొచ్చు. తెప్పించడానికి ఐదు వారాలు పడుతుంది. రెండోదానికి బయటవైపు ఒక చీలిక ఉంటుంది. అందులో ఏ నాణెమైనా పెట్టి పావు వంతు తిప్పితే గడియ వెనక్కి పోతుంది. మరుగుదొడ్ల ఆర్డరులో మిగిలినవి రెండు వందలు మా స్టోరులో ఉన్నాయి. ఓనరు తొందరపెట్టలేదు, ఏదైనా నీ ఇష్టమే అన్నాడు. నాకే తొందర. గదులు లేచి నిలబడాలి, ట్రయల్ రూముల్లోంచి ఆ ఆడవాళ్ళు బయటపడాలి. రెండో రకం అని రాసి సంతకం పెట్టాను. నేను ఆలోచించింది లోపల పడిపోయే ఆడదాని గురించి. బయట నిలబడేవాడి గురించి ఆలోచించలేదు. తలుపు నా మీద పడి అప్పటికి పన్నెండు రోజులే అయింది, ఆ భుజం నొప్పితోనే సంతకం పెట్టాను.

అత్తగారు బోర్డు కట్టించమన్న ఆ రోజు వెళ్ళింది పన్నెండో దుకాణానికి. నాతోపాటు ముగ్గురు. వాళ్ళ పెద్దని అందరం రసమట్టం బాబాయ్ అంటాం. నేల చదునుగా ఉందో లేదో చెప్పే రసమట్టం అక్కర్లేకుండా కంటితోనే మిల్లీమీటర్లు చెబుతాడు. ఆ దుకాణం నేల ఒక మూల పదకొండు మిల్లీమీటర్లు దిగి ఉంది. “ఎనిమిదో తొమ్మిదో కాదు, పదకొండు” అన్నాడు. కొలిస్తే పదకొండే. కింద పట్టీలు పెట్టి లేపేసరికి గంట పోయింది. డ్రిల్లు మోతలో వినపడదని ఫోన్ సంచిలో పడేశాను. తలుపు బిగించేసరికి పదింబావు. దుకాణం తెరిచేశారు, జనం వస్తున్నారు.

గది అప్పగించేటప్పుడు స్టోర్ మేనేజరుకి అన్నీ చూపించి సంతకం తీసుకోవాలి. లైటు, గాలి తిరిగే ఫ్యాను, ప్లగ్గు చూపించాను. చివరికి గడియ. నా జేబులోంచి నాణెం తీసి చీలికలో పెట్టి పావు వంతు తిప్పాను. ఎవరైనా లోపల పడిపోతేనే వాడాలి, ముందు మూడుసార్లు పిలవాలి, ఒక ఆడమనిషి పక్కన ఉండాలి అని చెప్పాను. ఆయన నాణెం నా చేతిలోంచి తీసుకుని నాలుగుసార్లు తిప్పి చూసుకుని, “బొమ్మలా భలే ఉందే” అన్నాడు. అక్కడికి దగ్గర్లో ఉన్న బిల్లుల కౌంటర్లోంచి ఒకమ్మాయి లేచి వచ్చింది. యూనిఫారం ఛాతీ దగ్గర తడిసి ఉంది, దానిమీద సంస్థ గుర్తున్న కండువా వేసి కప్పుకుంది. ఈ గది కస్టమర్లకేనా, మాకూనా అని నన్ను అడిగింది. నేను చెప్పేలోగా మేనేజరు, నీకు భోజనం టైమ్ ఇచ్చాం కదమ్మా, క్యూ చూసుకో అన్నాడు. ఆమె వెళ్ళిపోయింది. రెండు నెలల పిల్లాడున్నాడనీ, అట్టపెట్టెల వెనకాల నిలబడి చేత్తో పిండుకుని కాలవలో పారబోస్తోందనీ తర్వాత తెలిసింది.

పదకొండయ్యేసరికి నా రెండు రొమ్ములూ రాళ్ళయ్యాయి. చంకల్లోకి గడ్డలు పాకాయి, చెయ్యి కిందికి దిగడంలేదు. ఎవరికీ చెప్పలేదు. రసమట్టం బాబాయ్ మిగతా ఇద్దర్నీ లారీ దగ్గరికి పంపి, పనిముట్లు పెట్టెలో సర్దుతూ, నా మొహం చూడకుండా, “అమ్మాయ్, తలుపు లోపల్నించి సరిగ్గా పడుతోందో లేదో ఓ అరగంట కూర్చుని చూడు. నేను ఇక్కడే ఉంటా” అన్నాడు. ఆయనకి ముగ్గురు కూతుళ్ళు.

పన్నెండు గదులు కట్టాను, ఒక్కదాన్లోనూ కూర్చోలేదు. గడియ వేశాను. టక్ మని పడింది. పంపు ప్లగ్గులో పెట్టాను, మోచేతికి అందింది. చొక్కా గుండీలు విప్పాను. మొదటి రెండు నిమిషాలు పాలు రాలేదు. ఒంట్లో ఏదో భాగం ఇంకా బయటి అడుగుల చప్పుడు వింటోంది. నాకు పాలు రావాలంటే ముందు చెవులు మూసుకోవాలి, ఆ సంగతి ఆ గదిలోనే తెలిసింది. నాలుగు అంగుళాల మందం గోడ, లోపల నురుగు నింపిన పలక, దుకాణంలో పాటలు కూడా సన్నగానే వినపడుతున్నాయి. వెనక్కి ఆనాను. ఎడమవైపు ఒక్కసారిగా దిగింది, అలా ధార కట్టడం నేను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. పాలు తక్కువని ఐదు నెలలుగా వింటున్నాను. “దాని ఒంట్లో పాలుంటేగా, అన్నీ ఆఫీసులో పోసి వస్తుంది” అని అత్తగారు, “ఆవుకున్నపాటి బుద్ధి లేదు, అదైనా కట్టేసిన చోట ఇస్తుంది” అని మా ఆయన. నేనూ నమ్మాను. మెంతులో, మందులో ఏం తాగాలని ఎవరెవరినో అడిగాను. తక్కువైంది పాలు కాదు, తలుపు. సీసాలో నాలుగు ఔన్సులు దాటింది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

అప్పుడు మా ఆయన గొంతు వినిపించింది.

తర్వాత తెలిసిందేమిటంటే, చంటిది సీసా పట్టడంలేదని అత్తగారు నాకు పదమూడుసార్లు ఫోన్ చేసింది, తీయకపోతే ఆయనకి చేసింది. మా ఆయన ఆఫీసు నుంచి ఇల్లు పది నిమిషాలు. దుకాణం నలభై నిమిషాలు. పిల్ల ఏడుస్తోందని తెలిసినవాడు నలభై నిమిషాలు ప్రయాణం చేసి నా దగ్గరికి వచ్చాడు. మా కంపెనీకి ఫోన్ చేసి, భార్య మందులు మర్చిపోయింది, ఇవ్వాలి అని చెప్పి అడ్రసు తీసుకున్నాడు. బయటివాళ్ళతో ఆయన గొంతు ఎప్పుడూ అంత మెత్తగానే ఉంటుంది. మా కింద వాటాలో ఆవిడ నన్ను చూసినప్పుడల్లా, మీ ఆయన నోట్లో నాలుక లేనట్టుంటాడమ్మా అంటుంది.

“తలుపు తియ్” అన్నాడు. ఐదు నిమిషాలండీ అన్నాను. లోపల కూర్చుని నేనన్న మాట అదొక్కటే. మొదటి తన్ను పడింది. నేను లేచి కుర్చీ వెనక్కి వెళ్ళాను, అదీ చేతిలో సీసాతోనే. రెండో తన్ను. కప్పు పలక అదిరింది. బందులు కదల్లేదు. మూడు. నాలుగు. రెండు తన్నులకి పడిపోయే తలుపు నాకు తెలుసు, ఐదో తన్నుకి కూడా నిలబడిన తలుపు తెలియదు. చట్రానికి ఒక్కోవైపు ఆరేసి స్క్రూలు వేయించినందుకు లోపల ఎక్కడో చిన్న సంతోషం. ఆరు. బయట రసమట్టం బాబాయ్ మాట వినిపించింది, ఆగు నాయనా, లోపల ఆడపిల్ల ఉంది అంటున్నాడు. తర్వాత పనిముట్ల పెట్టె పడిన చప్పుడు, ఆయన మూలుగు. తోసేశాడు. పెట్టె అంచు మీద పడి బాబాయ్ మణికట్టు విరిగింది. ఏడు.

అడుగుల చప్పుడు దగ్గరికొచ్చింది. స్టోర్ మేనేజరు. ఆయన అన్న ప్రతి మాటా నాకు గుర్తుంది.

“సార్, సార్, తన్నకండి. కొత్తది, సొట్టపడుతుంది. మీరెవరు?”

“దాని మొగుడ్ని.”

“ఆ మాట ముందే చెప్పొచ్చుగా. దీనికింత కష్టపడక్కర్లేదు సార్. ఒక్క కాయిన్ చాలు.”

మూడుసార్లు పిలవాలన్నాను, పిలవలేదు. ఆడమనిషి ఉండాలన్నాను, పిలిపించలేదు. చిల్లర గలగలలాడింది. బిల్లుల కౌంటరు డ్రాయరు తీసి ఒక నాణెం మా ఆయన చేతికిచ్చాడు. లోపలివైపు గడియకి చిన్న బొడిపె ఉంటుంది. అది నా కళ్ళముందే దానంతటది తిరగడం మొదలుపెట్టింది. నేను దుమికి పట్టుకున్నాను. బొడిపె వ్యాసం పద్దెనిమిది మిల్లీమీటర్లు. అది నేను రాసిన కొలతే. రెండు వేళ్ళు మాత్రమే పడతాయి, నా వేళ్ళు పాలతో తడిగా ఉన్నాయి. బయట ఆయన నాణెం తిప్పుతున్నాడు, లోపల నేను వెనక్కి తిప్పుతున్నాను. అలా ఎంతసేపో చెప్పలేను. గోరు లేచిపోయింది. బొడిపె జారింది.

జుట్టు పట్టుకుని లాగాడు. చట్రం అంచుకి నుదురు తగిలింది, కనుబొమ్మ చీలింది. గరాటు రొమ్మునుంచి ఊడి, పంపు నేలమీద పడి, ఖాళీగా ఇంకా పీలుస్తూనే ఉంది. సీసా దొర్లింది. చొక్కా ముందు మొత్తం తెరుచుకుని ఉంది. రెండు రొమ్ముల్లోంచీ పాలు కారుతున్నాయి, కంట్లోకి రక్తం కారుతోంది, నేను మోకాళ్ళమీద ఉన్నాను. “ఇంట్లో పిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే బజార్లో కూర్చుని పితుక్కుంటున్నావా” అన్నాడు. మామూలు గొంతుతోనే అన్నాడు. డొక్కలో తన్నాడు. తలుపుని తన్నినంత గట్టిగా కాదు. నలభై మంది దాకా నిలబడి ఉన్నారు. ఒకతను ఫోన్ పైకెత్తి పట్టుకున్నాడు. “వాళ్ళాయనంటలే” అని ఒకామె ఇంకొకామెతో చెప్పడం వినపడింది. ఆ మాటతో కొందరు పక్కకి జరిగి, మాకు దారిచ్చారు.

బిల్లుల కౌంటరు అమ్మాయి క్యూని వదిలేసి వచ్చింది. కండువా తీసి నా మీద కప్పింది. మా ఆయనకీ నాకూ మధ్య నిలబడింది. ఆమె యూనిఫారం మీద తడి అందరికీ కనిపిస్తోంది. మేనేజరు ఆమెని పేరు పెట్టి రెండుసార్లు పిలిచాడు, కదల్లేదు. మా ఆయన చుట్టూ చూశాడు. జనం తనని చూస్తున్నారని అప్పుడే తెలిసినట్టు చొక్కా సర్దుకుని, “ఇంటికి రా, చెప్తా” అని వెళ్ళిపోయాడు. మేనేజరు వంగి తలుపు మీద సొట్టలు లెక్కపెట్టాడు. తర్వాత నావైపు తిరిగి, “ఇలాంటివి బయట చూసుకోవాలి మేడమ్” అన్నాడు.

ఆస్పత్రిలో నాకు కనుబొమ్మ మీద నాలుగు కుట్లు, బాబాయ్‌కి చేతికి కట్టు వేశారు. ఎలా తగిలిందని డాక్టరు అడిగితే నోరు అలవాటుగా జారిపడ్డానని చెప్పబోయింది. బాబాయ్ పక్కనే ఉన్నాడు. జారిపడితే ఆయన చెయ్యి ఎందుకు విరిగిందో చెప్పాలి. మొదటిసారి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. అక్కడినుంచి కంపెనీ వ్యానులో ఇంటికి వెళ్ళాం. మా ఆయన ఇంకా రాలేదు. చంటిది ఏడ్చి ఏడ్చి ఎక్కిళ్ళు పెడుతోంది. అత్తగారు నా నుదురు చూసి, కుట్లు చూసి, “పిల్ల ఆకలికి మగాడు ఆగుతాడా, నువ్వు ఫోన్ ఎత్తితే పోయేదిగా” అంది. పిల్లని ఇవ్వలేదు. దాని కాలు ఆవిడ పట్టుకుంది, నడుము నేను పట్టుకున్నాను. లాగితే ఏమవుతుందో మొన్ననే నా ఒంటికి తెలిసింది. లాగలేదు. ఆవిడ వేళ్ళు ఒక్కొక్కటీ విడదీశాను. చిటికెన వేలు దగ్గర ఆవిడ మూలిగింది. ఆపలేదు. పిల్ల బట్టలు, నా సర్టిఫికెట్లు తీసుకుని బాబాయ్ వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన భార్య మంచం చూపించి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళింది.

సాయంత్రం పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాం. రాసుకునే కానిస్టేబుల్ మర్యాదగానే మాట్లాడాడు. ఇదే మొదటిసారా అని అడిగాడు. కాదన్నాను. ముందువి ఎప్పుడెప్పుడు, ఎక్కడ, దేనితో, ఎవరు చూశారు అని అడిగాడు. చెప్పలేకపోయాను. ఒక నెలా, రెండు నెలలా అంటూ తడబడ్డాను. దిగిన నేలని మిల్లీమీటర్లలో రాసుకునేదాన్ని, నాకు జరిగినవి ఒక్కటీ రాసుకోలేదు. “గుర్తు చేసుకుని ఒక్కోటి విడివిడిగా కాగితం మీద పెట్టుకుని రామ్మా. ఇవాళ్టిదొక్కటే అయితే, మొగుడూ పెళ్ళాల గొడవని తీసేస్తారు” అన్నాడు.

మర్నాడు పిల్లని ఎత్తుకుని షెడ్డుకి వెళ్ళాను. ఓనరు నన్ను కూర్చోమన్నాడు, పిల్లకి ఫ్యాన్ వేశాడు. చెడ్డవాడు కాదు. బిగించే చోట ఎవరికి దెబ్బ తగిలినా ఒక ఫారం నింపాలి. ఆ సంస్థవాళ్ళు చెప్పిన మాటల్ని ఆయన అప్పటికే అందులో రాయించి ఉంచాడు. తలుపు తయారుచేసిన విధంగానే పనిచేసింది. సిబ్బంది పద్ధతి ప్రకారం తెరిచారు. గదివల్ల ఎవరికీ గాయం కాలేదు. బాబాయ్ గడిలో, కాలు జారి పడినాడు, అని ఉంది.

“ఒక్క సంతకం అమ్మాయ్. నీ ఇంటి గొడవ వేరు, మన తలుపు వేరు. రెండూ కలిపామనుకో, ఆర్డరు పోతుంది. ఇంకా ఇరవై ఎనిమిది గదులున్నాయి. షెడ్డులో పద్నాలుగు మంది ఉన్నారు.”

“పదమూడు” అన్నాడు బాబాయ్ గుమ్మంలోంచి, కట్టు వేసిన చేతితో. “నన్ను ఆ లెక్కలోంచి తీసేసి మాట్లాడండి.”

మొదటి వాక్యం నాకు చాలాసేపు అడ్డంపడింది. అందులో అబద్ధం లేదు. తలుపు నేను గీసినట్టే పనిచేసింది. ఆ పన్నెండు గదుల్లో ఇవాళ కూర్చునే పన్నెండు మంది, బయట చిల్లర ఉన్న ఎవడైనా ఉన్నాడో లేదో తెలియక కూర్చుంటారు. అక్కడా చెవులు మూసుకోలేరు. నేను సంతకం పెడితే నా ఉద్యోగం ఉంటుంది, జీతంతో గది తీసుకోవచ్చు, పిల్లని పెంచుకోవచ్చు. పెట్టకపోతే ఏముంటుందో తెలియదు. చంటిది చొక్కా పట్టుకుని లాగుతోంది. అక్కడే, ఓనరు ఎదురుగానే గుండీ విప్పి ఎడమవైపు ఇచ్చాను. ఆయన చూపు గోడమీద క్యాలెండరుకి వెళ్ళింది. ఒక చేత్తో ఆ కాగితం చించి, ఖాళీ ఫారం తీసుకున్నాను.

కారణం అన్న గడిలో ముందు నా సంగతి రాశాను. గడియ రకం ఎంచింది నేను, సంతకం నాది, తప్పు నాది. తర్వాత, నాణెం ఇచ్చినది స్టోర్ మేనేజరు, తిప్పినది నా భర్త. గాయాలు ఇద్దరికి, జారి పడినవారు ఎవరూ లేరు. సాక్షి గడిలో బిల్లుల కౌంటరు అమ్మాయి పేరు. ఆస్పత్రికి మా వెనకాలే వచ్చి, బిల్లు కాగితం వెనక పేరూ నంబరూ రాసిచ్చి, “నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటాలే అక్కా, రాసెయ్” అంది. చివరి గడిలో, మూడు మూలల తాళంచెవి గడియలు వచ్చేవరకు పన్నెండు గదులూ ఆపాలి, తాళంచెవి ఆడ ఉద్యోగి దగ్గరే ఉండాలి, గది సిబ్బందికి కూడా ఇవ్వాలి. సంతకం పెట్టాను. బాబాయ్ వచ్చి ఎడమ చేత్తో వంకరటింకరగా తన పేరు రాశాడు.

ఓనరు చదివాడు. రెండోసారి చదివాడు. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

“ఇది పంపిస్తే ఏమవుతుందో నీకు తెలుసుగా?”

“తెలుసండీ. పంపించండి.”

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. తర్వాత కాగితాన్ని కవరులో పెట్టాడు. నేను లేవలేదు. ఖాళీ ఫారాల పుస్తకం అడిగాను. తేదీ, సమయం, స్థలం, దేనితో, ఎవరు, ఎవరు చూశారు, గాయం ఎక్కడ. గడులన్నీ వరసగా ఉన్నాయి, కానిస్టేబుల్ అడిగినవే.

“ఇంకెందుకమ్మా? ఒక ప్రమాదానికి ఒక ఫారమే.”

“అవునండీ. పైన అలాగే అచ్చేసి ఉంది. పుస్తకం మొత్తం ఇవ్వండి.”

ఇచ్చాడు. చంటిదాన్ని ఇవతలి వైపుకి మార్చుకున్నాను, చీలినవైపుకి. కొరికింది. అరిచాను, గట్టిగానే. షెడ్డులో డ్రిల్లు ఆగింది, ఎవరూ రాలేదు, మళ్ళీ మొదలైంది. పెన్ను తీసుకుని మొదటి ఫారంలో తేదీ అన్న గడిలో, మా పెళ్ళైన పదకొండో రోజు వేశాను.